ఆరు ముక్కలా, ఏడు ముక్కలా

మా ప్రెస్సులో అందరూ ఆవిడని కామా పిన్ని అనేవాళ్లు. ఎదురుగా ఉంటే పిన్ని, వెనకాల కామా పిన్ని. నిజానికి ఎదురుగా అన్నా ఆవిడేం అనుకునేది కాదు. ఆవిడ ఉద్యోగమే అది. రచయిత రాసిచ్చిన కాగితం చేత్తో పట్టుకుని, అందులో ఉన్న ప్రతి మాటా, ప్రతి కామా, ప్రతి ఫుల్‌స్టాపూ పైకి చదవాలి. ఎదుటి కుర్చీలో కూర్చున్న ప్రూఫ్ రీడరు, అంటే నేను, అచ్చులో అవన్నీ పడ్డాయో లేదో పెన్సిలు పెట్టి చూసుకుంటూ పోవాలి. నోరు ఆవిడది, కళ్లు నావి. పందొమ్మిదేళ్లు ఒకే బల్లకి అటొకరం ఇటొకరం కూర్చున్నాం. మా ఆవిడకి ఎదురుగా కూడా నేను అంతసేపు కూర్చోలేదట. ఈ సంగతి చెప్పింది మా ఆవిడే.

మా గది మెట్ల కింద ఉండేది. పక్కగదిలో అచ్చుయంత్రం తిరుగుతుంటే బల్లమీద పెన్సిలు దానంతటదే దొర్లిపోయేది. చప్పుడు రాకుండా తలుపుకి పాత రగ్గొకటి మేకులతో కొట్టించాను. అది చప్పుడు ఆపలేదు కానీ దుమ్ము మాత్రం బాగా పట్టింది. ఒక బల్ల, రెండు కుర్చీలు, తలమీదికి వేలాడే దీపం, మంచినీళ్ల కూజా. నీళ్లన్నీ ఆవిడకే. రోజుకి ఎనిమిది గంటలు చదివే గొంతు మరి.

పిన్ని చదివింది ఎనిమిదో తరగతి. వాళ్లాయన మా ప్రెస్సులోనే బైండింగ్ చేసేవాడు. ఆయన పోయాక యజమాని ఆవిడని పిలిపించి, "ఏం పని చేయగలవమ్మా?" అంటే, "గట్టిగా మాట్లాడగలనండి," అందట. ఆయన నవ్వాపుకోలేక తీసుకొచ్చి నా ఎదురుగా కూర్చోబెట్టాడు. నేను నవ్వలేదు. అప్పుడు నాకు ఇరవయ్యారేళ్లు. మా దగ్గరికొచ్చేవి ఎక్కువగా ఇంగ్లీషు పుస్తకాలే. నాకు ఇంగ్లీషు బాగా వచ్చు, వచ్చునన్న పొగరు ఇంకా బాగా ఉండేది. ఆవిడకేమో ఇరవయ్యారు అక్షరాలు తప్ప ఇంగ్లీషు రాదు. మాటకి అర్థం తెలీదు. కాగితం మీద ఏముంటే అది, ఒక్కో అక్షరాన్నీ లేపి పలికించేది. నైఫ్ అని ఉంటే "క్నిఫె" అనేది. స్టమక్‌ని "స్టొమాచ్" అనేది. వెన్స్‌డేని మూడు ముక్కలు చేసి "వెడ్-నెస్-డే" అనేది.

మొదటి ఏడాదంతా నేను కారాలూ మిరియాలూ నూరాను. "పిన్నీ, అందులో కె పలకదు," అని ఎన్నిసార్లు చెప్పానో. ఆవిడ తాపీగా, "పలక్కపోతే మాత్రం వదిలేస్తామా అబ్బాయ్? అదీ అచ్చవ్వాలిగా," అనేది. ఒకరోజు ఆ కె నిజంగానే అచ్చులో ఎగిరిపోయింది. ఆవిడ "క్నిఫె" అన్నది కాబట్టే నాకు దొరికింది. ఇక నోరు మూసుకున్నాను. అయిదో ఏడు వచ్చేసరికి నేనే డాక్టరు దగ్గరికెళ్లి స్టొమాచ్ నొప్పి అన్నాను. ఆయన నాలుక చూపించమన్నాడు.

పిన్ని మనవరాలికి బళ్లో డిక్టేషన్‌లో ఎప్పుడూ నూటికి నూరే. ఇంట్లో చెప్పేది అమ్మమ్మ కదా, ఒక్క అక్షరం జారదు. పైకి చదవమన్నప్పుడు మాత్రం క్లాసంతా నవ్వేది. పిన్ని కూతురు ఈ విషయమై తల్లితో చాలాసార్లు పోట్లాడింది. "నూరు వస్తున్నాయా లేదా?" అనేది పిన్ని.

ఆవిడ చదివిన ఏ పుస్తకానికీ వెనకాల తప్పొప్పుల పట్టిక అతికించాల్సిన పని పడలేదు. పందొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా. ఈ మాట పిన్ని ఎక్కడా చెప్పుకునేది కాదు. నేనే చెప్పుకునేవాణ్ణి, అందులో సగం నాది కాబట్టి.

అలాంటి రోజుల్లో ఫాదర్‌గారు వచ్చారు. ఫాదర్లు అవ్వబోయేవాళ్లకి పాఠాలు చెప్పే కాలేజీలో నలభై ఏళ్లు పనిచేసిన మనిషి. పొడుగ్గా, వంగిపోయి, గోడ తడుముకుంటూ నడిచేవారు. చూపు దాదాపు పోయింది. మిగిలిన కాస్తా కొన్ని నెలలే ఉంటుందన్నారట. ఆ నలభై ఏళ్లూ ఆయన ఒకే ఒక్క పుస్తకం రాశారు, అదీ ఒకే ఒక్క మాట గురించి. ఆ మాట ట్రాన్సబ్‌స్టాన్షియేషన్. పూజలో పెట్టే రొట్టె, ద్రాక్షరసం పైకి అలాగే కనిపిస్తూ లోపల క్రీస్తు శరీరం, రక్తం అయిపోతాయని వాళ్ల నమ్మకం. ఆ మారడానికి పేరది. ఆయన శిష్యుడొకడు పుస్తకమంతా టైపు చేసిచ్చాడు.

"ఇంకోటి రాయడానికి కళ్లు లేవు," అన్నారు ఆయన మా యజమానితో. "ఒక్క తప్పు లేకుండా రావాలి. అచ్చేసే ముందు మొత్తం నాకు చదివి వినిపించండి."

దాంతో మా గదిలోకి మూడో కుర్చీ వచ్చింది. అది వేశాక తలుపు సగమే తెరుచుకునేది.

మొదటిరోజు పిన్ని ఎప్పటిలాగే గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. రెండో వాక్యంలోనే ఆ మాట వచ్చింది. "ట్రాన్-సుబ్-స్టాన్-టి-ఆ-టి-ఒన్, కామా," అంది. ఫాదర్‌గారు పంటినొప్పి వచ్చినట్టు మొహం పెట్టారు. ఆ మాట పేజీకి మూడుసార్లు వచ్చేది, ఆ నొప్పి కూడా పేజీకి మూడుసార్లు వచ్చేది. నాకు లోలోపల నవ్వు. ఆయన పెద్దమనిషి కాబట్టి పైకి ఏమీ అనలేదు.

మూడోరోజు ఒక తకరారు వచ్చింది. అంత పొడుగు మాట వరుస చివర పట్టదు. విరవాలి. అక్షరాలు పేర్చే మా కంపోజిటరు ఒక పేజీలో ఎస్‌ని పై వరుసలో ఉంచి విరిచాడు, ఇంకో పేజీలో అదే ఎస్‌ని కింది వరుసకి పంపాడు. ఏది ఉంచమంటారని ఫాదర్‌గారిని అడిగాను. ఆయన హుషారుగా ముందుకి జరిగారు.

"లాటిన్‌లో అవి రెండు వేరే మాటలు," అన్నారు. "మొదటిది ఎస్‌తో అయిపోతుంది, రెండోది ఎస్‌తోనే మొదలవుతుంది. కలిసేటప్పుడు ఒక ఎస్ ఎగిరిపోయింది. మిగిలిన ఒక్కటే రెండు వైపులా పని చేస్తోంది."

"అయ్యో, నాలాగే," అంది పిన్ని. "పొద్దున ఇక్కడ, సాయంత్రం మా అమ్మాయింట్లో."

ఫాదర్‌గారు పకపకా నవ్వారు. డిక్షనరీ తీయించి, అందులో ఉన్నట్టే ఎస్‌ని కింది వరుసకి పంపించమన్నారు.

ఆ నవ్వు ఇచ్చిన చనువుతోనే కాబోలు, నాలుగోరోజు ఆయన అననే అన్నారు. "అమ్మా, ఒక మాట చెప్తాను, ఏమనుకోకు. వాక్యం సాఫీగా వెళ్తుంటుంది. ఆ మాట దగ్గరికి రాగానే నాకు కాలు తట్టుకుంటోంది. అక్కడ ఏం రాశానో మర్చిపోతున్నాను."

పిన్ని ముఖం చిన్నబోయింది. పందొమ్మిదేళ్లలో నా విసుగుని ఆవిడ ఈగని తోలినట్టు తోలేసింది కానీ, ఇది వేరు. చేతిలో కాగితం దించి, "ఎలా చదవమంటారండీ?" అని అడిగింది.

ఆయన బల్ల మీద వేలితో కొట్టి చూపించారు. "ట్రాన్. సబ్. స్టాన్. షి. ఏ. షన్. నువ్వు ఏడు ముక్కలు చేస్తున్నావు. ఆరే. చివర నువ్వు రెండు చేస్తున్నది ఒకటే ముక్క, షన్. అయిదోదాని మీద కాస్త బరువు పెట్టాలి. ఏ... షన్. ఏదీ, అను."

"టి ఉంది కదండీ అక్కడ? షి ఎలా అయింది?"

"ఉంటుంది. పలకదు."

పిన్ని నా వైపు చూసింది. ఈ మాట నా నోట ఎన్నోసార్లు విన్నదే కదా, ఏం జవాబిస్తుందో నాకు తెలుసనుకున్నాను. కానీ ఆవిడ వేలితో బల్లమీద కొట్టుకుంటూ, "ట్రాన్. సబ్," అని మొదలుపెట్టింది.

ఆ తర్వాత రెండురోజులు ఆవిడ నోట్లో అదే మాట. మెట్లెక్కుతూ అదే, కుళాయి దగ్గర గ్లాసు కడుగుతూ అదే. పాడైన ప్రూఫ్ కాగితం వెనకాల ఆరు ముక్కలూ తెలుగులో రాసుకుని దీపం తీగకి తగిలించింది. బైండింగ్‌వాళ్లు పిచ్చి పట్టిందా అని అడిగారు. మూడోరోజు పొద్దున, వాక్యం మధ్యలో, ఊపిరి తిప్పుకోకుండా, అయిదోదాని మీద బరువు పెట్టి, ఒక్క గుక్కలో అనేసింది. ఫాదర్‌గారు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆవిడ సిగ్గుపడి కొంగుతో మొహం తుడుచుకుంది.

మధ్యాహ్నం అన్నం తింటూ నాతో అంది, "ఎనిమిదో తరగతి తర్వాత నాకు పాఠం చెప్పింది ఈయనే అబ్బాయ్."

నేనేదో వేళాకోళం ఆడబోయి మానేశాను. ఆవిడ కళ్లల్లో నీళ్లున్నాయి.

అక్కణ్ణుంచి పిన్నికి ఆశ పెరిగింది. మిగతా మాటలు కూడా ఒక్కొక్కటే అడిగి సరిచేసుకుంది. మూగ అక్షరాలన్నీ మళ్లీ మూగవైపోయాయి. క్నిఫె నైఫ్ అయింది. నా చెవులకి హాయిగా ఉంది. టైపు చేసిన కాగితాలు శుభ్రంగా ఉన్నాయి కాబట్టి పని కూడా చకచకా సాగిపోయింది. ఆరు వారాల్లో పుస్తకం చదవడం ముగించాం.

ఇక ముఖపత్రం, అంటే పుస్తకం పేరుండే మొదటి పేజీ, ఒక్కటే మిగిలింది. పేరు కూడా ఆ మాటే. ఆ కాగితం మాత్రం ఆయన శిష్యుడికి ఇవ్వలేదు. "పుస్తకం పేరు నా చేత్తో రాస్తాను," అని పట్టుబట్టి, బల్లకి కళ్లు ఆనించి, పావుగంట సేపు అక్షరాలు పెద్దపెద్దగా రాశారు. కంపోజిటరు పెద్ద టైపులో పేర్చి ప్రూఫ్ తీసి ఇచ్చాడు. పిన్ని ఫాదర్‌గారి కాగితం పట్టుకుని, లేచి నిలబడి మరీ, ఆ పేరు గుక్క తిప్పుకోకుండా చదివింది. ఎంత బాగా చదివిందంటే నేను దాన్ని విన్నాను, అంతే. పెన్సిలుతో టిక్కు పెట్టేశాను.

పుస్తకాలు బైండింగ్ అయి వచ్చాయి. మొదటిది ఫాదర్‌గారి చేతిలో పెట్టాం. ఆయన వాసన చూశారు, అట్ట నిమిరారు, పేజీలు బొటనవేలితో జారనిచ్చారు. పిన్నికి కూడా ఒకటి ఇచ్చారు.

రెండోరోజు పొద్దున నేను వచ్చేసరికి పిన్ని అప్పటికే గదిలో కూర్చుని ఉంది. దీపం కూడా వేసుకోలేదు. పుస్తకం తెరిచి నా ముందుకి తోసింది.

"రాత్రి అన్నాలప్పుడు మా మనవరాలు చదివింది అబ్బాయ్. పాత పద్ధతిలో చదివింది. నేను నేర్పినట్టే."

"అయితే ఏంటి?"

"ట్రాన్-సుబ్-స్టాన్-సి-ఆ-టి-ఒన్ అంది."

పుస్తకం దగ్గరికి లాక్కుని చూశాను. టి ఉండాల్సిన చోట సి. వేలెడంత అక్షరాల్లో, ముఖపత్రం నడిబొడ్డున. లోపల వందలసార్లు సరిగ్గా పడ్డ మాట, పేరులోనే తప్పు పడింది. సరిగ్గా పలికితే టి అయినా సి అయినా అక్కడ వినిపించేది షి ఒక్కటే. ఆవిడ నోట్లో తప్పు దాక్కుంది, ఆ నోటిని నమ్ముకుని నా కళ్లు నిద్రపోయాయి.

నాకు కోపం వస్తే ముందు ఎవరో ఒకరు దొరకాలి. కంపోజిటరు మీదికి వెళ్లాను. వాడు నోరెత్తకుండా ఫాదర్‌గారి కాగితం తెచ్చి చేతిలో పెట్టాడు. ఆయన టి పొట్టిగా పడి కింద వంకర తిరిగింది, పైన అడ్డగీత పడలేదు. చూసినవాడెవడైనా సి అనే అంటాడు. వాణ్ణి ఏమనను? గదిలోకి వచ్చి తలుపు వేశాను.

"పిన్నీ, ఒకటి చెప్తా విను. ఆయనకి కనపడదు. ఇంక కనపడబోదు. సంతోషంగా ఉన్నాడు. ఉండనీ."

ఆవిడ మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి మళ్లీ మూసేసింది. సాయంత్రం నాలుగింటికి అంది, "ఎవరో ఒకరు ఆయనకి చెప్తారు అబ్బాయ్. నవ్వుతూ చెప్తారు. అది నేను పడలేను. నేనే వెళ్లి చెప్తాను."

"చెప్తే ఆ మనిషి ఏమైపోతాడో ఆలోచించావా?"

"ఆలోచించే ఇంతసేపు కూర్చున్నా."

ఒక్కదాన్నే వెళ్తానంది. గొణుక్కుంటూ నేనూ బయల్దేరాను. టిక్కు పెట్టింది నా పెన్సిలే కదా.

కాలేజీ వెనక వరసలో ఫాదర్‌గారి గది. మంచం, బల్ల, గోడ పొడుగునా ఆయన ఇక చదవలేని పుస్తకాలు. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నారు. మా పుస్తకం ఒళ్లో ఉంది. పిన్ని పలకరించగానే గొంతు గుర్తుపట్టారు, మొహం విప్పారింది. "రా అమ్మా, మంచి సమయానికి వచ్చావు. పేరు ఒక్కసారి చదువు, వింటాను. ఆరు ముక్కలూ ఎంత బాగా అంటావో."

పిన్ని పుస్తకం తీసుకుంది. ముఖపత్రం తెరిచింది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. పారిపోవాలనిపించింది.

"ట్రాన్," అంది. "సుబ్. స్టాన్."

ఫాదర్‌గారు తల ఇటు తిప్పారు.

"సి. ఆ. టి. ఒన్."

బయట ఎవరో నీళ్లు పోస్తున్న చప్పుడు వినిపించింది.

"సి?" అన్నారు ఆయన.

"సి అండీ. ముఖపత్రం మీదే. అన్ని పుస్తకాల్లోనూ."

ఆయన చేయి చాపి పుస్తకం అడిగి, ఆ పేజీ మీద వేలు పెట్టారు. అచ్చు వేలికి అందదు. అయినా అలా కాసేపు వెతికారు. "నా రాత వల్లేనా?" అన్నారు.

కాదని అబద్ధం చెప్పడానికి నేను నోరు తెరిచాను. పిన్ని ముందే అనేసింది, "మీ టి మీద గీత పడలేదండి. కానీ అది పట్టుకోవడమే నా పని. మొదట్లోలా చదివుంటే సి దగ్గర ఆగిపోయేదాన్ని. ఆగలేదు."

"మరి అలా చదవడం ఎందుకు మానేశావమ్మా?"

పిన్ని తల వంచుకుంది. ఆయనకి అది కనపడదు, కానీ ఆ నిశ్శబ్దం అర్థమైంది. పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నారు.

"నేనే మానిపించాను," అన్నారు.

తర్వాత నన్ను పిలిచి కాగితం తీసుకోమన్నారు. పుస్తకాలు బయటికి పంపేముందు ప్రతిదాంట్లో తప్పొప్పుల చీటీ ఒకటి అతికించాలని, అందులో ఏముండాలో చెప్తానని అన్నారు. పుస్తకం ఇంగ్లీషుది కాబట్టి ఇంగ్లీషులోనే చెప్పారు. నేను రాసుకున్నాను. మూడో వాక్యానికి వచ్చేసరికి నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడం దేనికి.

"ఇప్పుడు ఆమెకివ్వు," అన్నారు. "చదవనీ. ఆమె గొంతులో వింటే కానీ సరిగ్గా ఉందో లేదో నాకు తెలీదు. నీకెలా వచ్చో అలాగే చదువమ్మా."

పిన్ని కాగితం వెలుతురు వైపు పట్టుకుంది. ఒక్కో అక్షరాన్నీ విడివిడిగా పలుకుతూ మొదటినుంచి చివరిదాకా చదివింది. ఎక్కడా తొట్రుపడలేదు. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. చదవడం అయ్యాక సరే అన్నట్టు తలూపారు.

పిన్ని కాగితం మడవబోయి ఆగి, నన్ను అడిగింది, "ఏం రాశారు అబ్బాయ్ ఇందులో?"

పందొమ్మిదేళ్లలో ఆవిడ నన్ను అర్థం అడగడం అదే మొదటిసారి. గొంతు సవరించుకుని తెలుగులో చెప్పాను. "ముఖపత్రం మీద సి ఉన్నచోట టి అని చదువుకోవాలి. ఈ తప్పు కూర్చినవారిదీ కాదు, సరిచూసినవారిదీ కాదు. ఈ పుస్తకాన్ని చదివి వినిపించినామె ఒక్క అక్షరాన్ని కూడా జారనిచ్చే మనిషి కాదు, ఆమెకి తన పని రాదనుకుని దిద్దబోయిన రచయితది ఈ తప్పు."

పిన్ని కాగితం మళ్లీ వెలుతురు వైపు పట్టుకుంది.

"ఉండండి ఫాదర్‌గారూ, ఇంకోసారి చదువుతాను," అంది. "ఇందాక నా గురించని తెలీక చదివేశాను."